కోస్తా ఆంధ్రలో ఉప్పు సాగు

కోస్తా ఆంధ్రలో ఉప్పు సాగు అనగా సముద్రపు నీటిని మడులలో నిలిపి, ఎండ, గాలుల సహాయంతో ఆవిరి చేసి, ఉప్పును పండించే సంప్రదాయ వృత్తి. ఇది శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ, బాపట్ల జిల్లాలోని చినగంజాం, నెల్లూరు జిల్లాలోని ఇసకపల్లి వంటి చోట్ల, ప్రకాశం జిల్లా తీర గ్రామాలలో కొన్ని తరాలుగా సాగుతున్నది. ఈ పని చేసేవారు తమను ఉప్పు రైతులమనే చెప్పుకుంటారు. మడి, గట్టు, పంట, కోత వంటి వ్యవసాయపు మాటలే వారి నోట వినిపిస్తాయి. చట్టం దృష్టిలో మాత్రం ఉప్పు పంట కాదు, పరిశ్రమ ఉత్పత్తి. ఈ తేడా వలన ఉప్పు రైతు జీవితంపై పడే ప్రభావం చాలా ఎక్కువ.

చెన్నై - విజయవాడ రైలు మార్గంలో ఒంగోలు, చీరాలల మధ్య ప్రయాణించేవారికి, అలాగే పలాస, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ల మధ్య ప్రయాణించేవారికి కిటికీలోంచి తాటాకు కప్పిన తెల్లని ఉప్పు కుప్పలు కనిపిస్తాయి. అయితే ఆ కుప్ప ఉప్పు సాగులో చివరి ఘట్టం మాత్రమే. నీటిలో పదింట తొమ్మిది వంతులు ఆవిరయ్యే దాకా మడిలో ఒక్క ఉప్పు రవ్వ కూడా కనబడదు. కంటికి కనిపించని ఆ తొమ్మిది వంతుల పనిని తెలుసుకుంటే తప్ప ఈ వృత్తిని, అందులోని కష్టనష్టాలను అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

పేరు

ఉప్పు పండించి నిలవచేసే చోటును కోస్తా జిల్లాలలో ఉప్పు కొఠారు అంటారు. కొఠారు అంటే సరుకు నిలవచేసే చోటు. ధాన్యపు కొట్టుకు కూడా ఈ మాట వాడుకలో ఉన్నది. మద్రాసు రాజధాని కాలపు ఇంగ్లీషు దస్త్రాలలో ఇదే మాట 'కోటార్' గా కనిపిస్తుంది. చెన్నై సెంట్రల్ సమీపంలోని సరుకుల రైల్వే యార్డును నేటికీ 'సాల్ట్ కోటార్స్' అనే పిలుస్తారు. సముద్రంతో కలిసి, ఆటుపోట్లకు నిండుతూ తీస్తూ ఉండే వాగును ఉప్పుటేరు అంటారు. చాలా కొఠార్లు ఇటువంటి ఏరుల పక్కనే ఏర్పడ్డాయి.

ఉప్పు పండే నేల

ఉప్పు సాగుకు సముద్రం దగ్గరగా ఉంటే చాలదు. నేల పల్లంగా, చదునుగా ఉండాలి. ఇసుక నేల నీటిని పీల్చుకుంటుంది కనుక బంకమట్టి నేల కావాలి. వానలు తక్కువగా, ఎండ, గాలి ఎక్కువగా ఉండాలి. ఆంధ్ర తీరంలో సాధారణంగా జనవరిలో పని ఊపందుకొని, నైరుతి ఋతుపవనాలు బలపడే వరకు, అనగా జూన్, జులై నెలల దాకా సాగుతుంది. మార్చి నుండి మే వరకు దిగుబడి ఎక్కువ. ఇతర రైతులు ఎదురుచూసే తొలకరి వాన ఉప్పు రైతుకు ఆ యేటి సాగు ముగిసిందనడానికి గుర్తు.

తయారీ విధానం

వానాకాలం ముగిసిన తరువాత మొదటి పని మడులను బాగుచేయడం. కరిగిపోయిన గట్లను తిరిగి వేస్తారు. అడుగున చేరిన బురదను తీసివేసి, నేలను తడిపి, కాళ్ళతో తొక్కి, చదును చేసి, గట్టిపరుస్తారు. అడుగు సరిగా గట్టిపడకపోతే రెండు నష్టాలు కలుగుతాయి: ఉప్పునీరు నేలలోకి ఇంకిపోతుంది, తీసిన ఉప్పులో మట్టి కలుస్తుంది.

తరువాత ఉప్పుటేరు నుండి పోటు సమయంలో నీటిని మళ్ళిస్తారు లేదా తోడుతారు. కొన్ని చోట్ల భూగర్భంలోని ఉప్పునీటిని వాడుతారు. పూర్వం ఏతాలతో నీరు తోడేవారు. తరువాత కాలంలో డీజిలు ఇంజన్లు, విద్యుత్ మోటార్లు వచ్చాయి. నీరు మూడు రకాల మడుల గుండా నడుస్తుంది. మొదటిది నీటిని నిలవచేసే పెద్ద మడి. ఇక్కడ బురద, ఇసుక అడుగుకు దిగుతాయి. రెండవది నీటిని ముదరబెట్టే మడుల వరుస. నీరు పలుచగా పరచుకొని ఒక మడి నుండి మరొక మడికి మెల్లగా పారుతూ చిక్కబడుతుంది. మూడవది ఉప్పు దిగే మడి. ఇది చిన్నది, చదునైనది. కొఠారు విస్తీర్ణంలో ఎక్కువ భాగం మొదటి రెండు రకాల మడులకే పోతుంది.

ఉప్పునీటి సాంద్రతను బోమె డిగ్రీలలో కొలుస్తారు. ఈ కొలమానాన్ని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆంటోయిన్ బోమె 1768లో రూపొందించాడు. సముద్రపు నీరు ముదిరే కొద్దీ జరిగే మార్పులు స్థూలంగా ఇవి:

- 3 నుండి 3.5 డిగ్రీలు: మామూలు సముద్రపు నీరు. వంద పాళ్ళు అనుకుందాం.
- 7 డిగ్రీలు: నీరు సుమారు సగమవుతుంది. సున్నపు పదార్థమైన కాల్షియం కార్బొనేటు అడుగుకు దిగుతుంది.
- సుమారు 15 డిగ్రీలు: నీరు ఇంచుమించు ఐదో వంతుకు తగ్గుతుంది. ఈ ప్రాంతంలో జిప్సం దిగడం మొదలవుతుంది.
- 25 డిగ్రీలు: నీరు సుమారు పదో వంతు మాత్రమే మిగులుతుంది. ఇప్పుడు ఉప్పు స్ఫటికాలు ఏర్పడడం మొదలవుతుంది.
- 29 నుండి 30 డిగ్రీలు: ఉప్పులో నాలుగింట మూడు వంతులు దిగిపోయి ఉంటుంది. మిగిలిన నీటిలో మెగ్నీషియం లవణాలు ఎక్కువై చేదుగా ఉంటుంది.

ఈ పట్టికలోనే ఉప్పు రైతు నైపుణ్యమంతా ఉన్నది. 25 డిగ్రీలకు ముందే నీటిని చివరి మడిలోకి వదిలితే జిప్సం ఉప్పుతో కలుస్తుంది. 30 డిగ్రీలు దాటినా పాత నీటిని తీసివేయకపోతే మెగ్నీషియం లవణాలు ఉప్పుకు అంటుకుంటాయి. అటువంటి ఉప్పు చేదెక్కుతుంది, గాలిలోని తేమను పీల్చుకొని చెమ్మగిల్లుతుంది. వానాకాలంలో వంటింటి జాడీలో ఉప్పు నీరు కారడానికి ముఖ్య కారణం ఈ మెగ్నీషియం క్లోరైడే. కొలిచే పరికరం ఉన్నా లేకున్నా, అనుభవజ్ఞులైన పనివారు నీటి రంగును, వేళ్ళకు తగిలే జిగురును, నీటిపై తేలే పలుచని ఉప్పు పొరను చూసి ఏ నీరు ఏ దశలో ఉన్నదో పోల్చుకుంటారు. బాగా ముదిరిన నీటిలో ఉప్పును తట్టుకొనే సూక్ష్మజీవులు పెరిగి, మడులు లేత గులాబీ, ఎర్రని రంగులలో కనిపిస్తాయి.

ఉప్పు దిగిన మడిలో పొడవాటి కర్రకు అడ్డుపలక బిగించిన పనిముట్టుతో స్ఫటికాలను అడుగు మట్టి కదలకుండా లాగి, గట్టు వారగా చిన్న కుప్పలు చేస్తారు. నీరు ఓడిన తరువాత తట్టలలో, గంపలలో ఎత్తి మెరక మీది పెద్ద కుప్పకు చేరుస్తారు. కుప్పపై తాటాకులు కప్పుతారు. ఇటీవలి కాలంలో ప్లాస్టిక్ పట్టాలు కూడా వాడుతున్నారు.

ఒక లెక్క

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో మనం తినే ఉప్పు, అనగా సోడియం క్లోరైడు, సుమారు 27 గ్రాములు. కనుక 1000 లీటర్ల నీటిలో 27 కిలోల ఉప్పు ఉన్నది. అందులో నాలుగింట మూడు వంతులు దిగుతుందనుకుంటే 20 కిలోలు వస్తుంది. రోజుకు 10 గ్రాముల చొప్పున వాడే మనిషికి ఇది సుమారు ఐదున్నర సంవత్సరాలకు సరిపోతుంది. (ఆరోగ్యరీత్యా రోజుకు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.) ఇది కాగితం మీది లెక్క. నేలలోకి ఇంకే నీరు, మట్టి కలిసి తీసివేసే ఉప్పు, కుప్ప నుండి కరిగిపోయే ఉప్పు పోగా వాస్తవ దిగుబడి ఇంతకన్నా తక్కువ.

మరొక లెక్క వాన గురించి. ఎకరం నేలపై ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే పడే నీరు సుమారు 40 వేల లీటర్లు. మంచినీటికి లీటరుకు సుమారు 360 గ్రాముల ఉప్పును కరిగించుకొనే శక్తి ఉన్నది. అంటే ఎకరం మడిపై పడిన ఆ చిన్న వానకు 14 టన్నుల ఉప్పును కరిగించుకోగల శక్తి ఉన్నదన్నమాట. మడిలో అంత ఉప్పు లేకపోవచ్చు, ఉన్నదంతా ఒకేసారి కరగకపోవచ్చు. అయినా నష్టం అక్కడితో ఆగదు. వారాల తరబడి ముదరబెట్టిన నీరు పలుచనై వెనుకటి దశకు చేరుతుంది, పని మళ్ళీ మొదలు పెట్టవలసి వస్తుంది. మబ్బు పట్టగానే ఇంటిల్లిపాదీ కుప్పలు కప్పడానికి పరుగెత్తడం ఈ గ్రామాలలో వేసవిలో జరిగే సంగతే.

తుఫానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో వచ్చి గట్లను, కాలువలను దెబ్బతీస్తాయి. వేసవి తుఫానులు చేతికందిన పంటనే తీసుకుపోతాయి. 1990 మే నెలలో కృష్ణా డెల్టాను తాకిన తుఫాను, 2010 మే 20న బాపట్ల సమీపంలో తీరం దాటిన లైలా తుఫాను, 2022 మే నెలలో మచిలీపట్నం ప్రాంతంలో తీరాన్ని తాకిన అసని తుఫాను, ఈ మూడూ ఉప్పు కాలంలో వచ్చినవే.

చరిత్ర

కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఉప్పు వ్యవహారాలను చూసే లవణాధ్యక్షుడనే ఉద్యోగి ప్రస్తావన ఉన్నది. అనగా ఉప్పుపై రాజ్యాల దృష్టి చాలా పాతది. ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో 1805లో ఉప్పుపై గుత్తాధికారం ఏర్పరచుకున్నది. పండించినవారు ఉప్పును ప్రభుత్వానికే అమ్మాలి, ప్రజలు ప్రభుత్వం నిర్ణయించిన ధరకే కొనాలి. పందొమ్మిదో శతాబ్దం చివరి దశకాలలో లైసెన్సు పొందినవారు సుంకం చెల్లించి ఉప్పు తయారుచేసే పద్ధతి వచ్చినప్పటికీ, సొంతంగా తయారు చేసుకోవడం నేరంగానే ఉండిపోయింది.

ఈ చట్టాల వలన ఎక్కువగా నష్టపోయినవారిలో ఉప్పరులు ఒకరు. కులం పేరులోనే ఉప్పు ఉన్నది. చవిటి నేలల మట్టిని నీటిలో కలిపి, ఆ నీటిని వడగట్టి ఉప్పు తీయడం వారి పూర్వవృత్తి. అది నిషిద్ధమైన తరువాత వారు చెరువులు, బావులు, కాలువలు తవ్వే మట్టిపనికి మళ్ళారు. నేడు ఉప్పర అనగానే మట్టిపని గుర్తుకు రావడానికి కారణం ఇదే. పేరు మిగిలినా వృత్తి చేజారిపోయింది.

1923లో వైస్రాయి లార్డ్ రీడింగ్, కేంద్ర శాసనసభ తిరస్కరించినప్పటికీ, ఉప్పు పన్నును మణుగుకు రూపాయి పావలా నుండి రెండున్నర రూపాయలకు పెంచాడు. మరుసటి సంవత్సరం అది తిరిగి రూపాయి పావలాకు తగ్గింది. 1930 మార్చి 12న సబర్మతి ఆశ్రమం నుండి బయలుదేరిన గాంధీజీ, ఏప్రిల్ 6న దండి తీరంలో ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించాడు. ఆంధ్రలో కొండా వెంకటప్పయ్య తదితరుల నాయకత్వంలో తీరం పొడవునా శిబిరాలు వెలిశాయి. ఒంగోలు సమీపంలోని దేవరంపాడులో టంగుటూరి ప్రకాశం, కాకినాడ సమీపంలోని చొల్లంగిలో బులుసు సాంబమూర్తి సత్యాగ్రహం నడిపారు. 1931 మార్చి 5న కుదిరిన గాంధీ - ఇర్విన్ ఒడంబడిక వలన తీర గ్రామాలవారికి తమ అవసరాలకు, గ్రామంలో అమ్ముకోవడానికి ఉప్పు తీసుకొనే వెసులుబాటు లభించింది. 1947 ఏప్రిల్ 1 నుండి ఉప్పు పన్ను రద్దయింది.

ఉప్పు పండించే ప్రజలు

కొఠార్లలో పని చేసేవారిని స్థూలంగా మూడు వర్గాలుగా చెప్పవచ్చు. సొంత మడులున్న చిన్న రైతులు, మడులను కౌలుకు తీసుకొని సాగుచేసేవారు, రోజు కూలికి గాని తీసిన ఉప్పు లెక్కన గాని పని చేసేవారు. వీరిలో మత్స్యకార కుటుంబాలు, యానాదులు, దళితులు, ఇతర వెనుకబడిన కులాలవారు ఉన్నారు. మడి తొక్కడం, ఉప్పు లాగడం ఎక్కువగా పురుషులు చేయగా, గంపలకెత్తి మోయడంలో స్త్రీల పాత్ర పెద్దది. ఎండ ముదరక ముందే పని ముగించడానికి తెల్లవారుజామునే మడులలోకి దిగుతారు.

చిక్కని ఉప్పునీటిలో గంటల తరబడి నిలబడడం వలన పాదాలు, అరచేతులు పగిలి పుండ్లు పడతాయి. ఆ పుండ్లు మరుసటి రోజు మళ్ళీ ఉప్పునీటిలో నానవలసిందే. తెల్లని మడులపై పడి తిరిగి వచ్చే వెలుగు వలన కళ్ళు మంటలు పుడతాయి, చూపు దెబ్బతింటుంది. రబ్బరు బూట్లు, చలువ కళ్ళద్దాలు వాడితే చాలావరకు రక్షణ దొరుకుతుంది. అయితే బురదలో బూట్లతో నడవడం కష్టమని, అడుగు చెడుతుందని చాలామంది వట్టి కాళ్ళతోనే పని చేస్తారు. కొఠార్ల వద్ద మంచినీటి కొరత మరొక సమస్య. చుట్టూ నీరున్నా తాగే నీటిని దూరం నుండి తెచ్చుకోవలసి ఉంటుంది.

పంటా? పరిశ్రమా?

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితా 58వ అంశం ప్రకారం ఉప్పు తయారీ, సరఫరాల నియంత్రణ కేంద్రం పరిధిలోనిది. వ్యవసాయం రాష్ట్ర జాబితాలోనిది. కేంద్ర ప్రభుత్వ ఉప్పు కమిషనర్ ప్రధాన కార్యాలయం జైపూర్‌లో ఉన్నది. దేశంలో కేంద్రానికి సుమారు 60 వేల ఎకరాల ఉప్పు భూములుండగా, అందులో ఇరవై వేల ఎకరాల పైచిలుకు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. వీటిని కౌలుకు ఇస్తారు.

ఉప్పు పంట కాదు కనుక పంటల బీమా పథకాలు దానికి వర్తించవు. అకాల వర్షానికి పక్కపక్కనే ఉన్న వరి చేను, ఉప్పు మడి రెండూ మునిగితే, వరి రైతుకు నష్టం అంచనా వేసే పద్ధతి ఒకటి ఉన్నది. ఉప్పు రైతుకు అటువంటి స్థిరమైన ఏర్పాటు లేదు. వరికి ఉన్నట్లు ఉప్పుకు కనీస మద్దతు ధర కూడా లేదు. పెట్టుబడి కోసం వ్యాపారి వద్ద ముందుగా బయానా తీసుకున్న రైతు, ధర పెరిగే దాకా కుప్పను నిలవ ఉంచుకోలేక అదే వ్యాపారికి అమ్మవలసి వస్తుంది.

పోటీ కూడా తీవ్రమైనది. దేశంలో ఉత్పత్తి అయ్యే ఉప్పులో నాలుగింట మూడు వంతులకు పైగా గుజరాత్ నుండి వస్తుంది. అక్కడ వానలు తక్కువ, మడులు విశాలమైనవి, యంత్రాల వాడకం ఎక్కువ. అయోడిన్ లోపం వలన కలిగే గాయిటర్ వంటి వ్యాధుల నివారణకై, తినడానికి అయోడిన్ కలపని ఉప్పు అమ్మరాదన్న నిషేధం 2000లో ఎత్తివేయబడి, 2006 మే 17 నుండి తిరిగి అమలులోకి వచ్చింది. వినియోగదారునికి చేరే ఉప్పులో పది లక్షల పాళ్ళకు కనీసం 15 పాళ్ళ అయోడిన్ ఉండాలి. ప్రజారోగ్యానికి ఇది అవసరమైన నియమమే. అయితే అయోడిన్ కలిపే యంత్రం, పొట్లాలు కట్టే ఏర్పాటు చిన్న రైతుకు అందుబాటులో ఉండవు. అందువలన అతడు ముడి ఉప్పును తక్కువ ధరకు అమ్మగా, శుద్ధి చేసి పొట్లం కట్టిన చోట విలువ పెరుగుతుంది. రైతులు సహకార సంఘాలుగా ఏర్పడి ఉమ్మడిగా ఈ యంత్రాలను నడుపుకోవడం దీనికి ఒక పరిష్కారం.

1990ల నుండి రొయ్యల చెరువులు తీరమంతా విస్తరించి, నేలకు, ఉప్పుటేటి నీటికి పోటీ వచ్చాయి. రేవులు, పరిశ్రమలకు కూడా ఈ చదునైన భూములే అనువుగా కనిపిస్తాయి. నౌపడ ఉన్న సంతబొమ్మాళి మండలంలోనే మూలపేట వద్ద 2023 ఏప్రిల్‌లో కొత్త రేవుకు శంకుస్థాపన జరిగింది.

సందర్శన

ఉప్పు కొఠార్లను చూడడానికి ఫిబ్రవరి నుండి మే వరకు అనువైన కాలం. ఉదయం పూట వెళ్ళితే పనిని చూడవచ్చు, ఎండదెబ్బ నుండి తప్పించుకోవచ్చు. నౌపడ జంక్షన్, చినగంజాం రెండూ హౌరా - చెన్నై ప్రధాన రైలు మార్గంపై ఉన్న స్టేషన్లు. నౌపడకు సమీపంలోని తేలినీలాపురానికి శీతాకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వలస వస్తాయి. చినగంజాం సమీపంలోని మోటుపల్లి కాకతీయుల కాలపు రేవు. విదేశీ వర్తకులకు రక్షణ కల్పిస్తూ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం అక్కడ ఉన్నది.

సందర్శకులు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. కొఠారు ఒకరి జీవనాధారం కనుక ముందుగా అనుమతి అడగాలి. మెత్తని గట్లపై నడిస్తే తెగిపోయి వేర్వేరు దశల నీళ్ళు కలిసిపోతాయి. చెప్పులతో చివరి మడిలోకి దిగితే అడుగు చెడి, ఉప్పు నల్లబడుతుంది. పనిలో ఉన్న స్త్రీల ఫొటోలు వారిని అడిగిన తరువాతనే తీయాలి. తాగే నీటిని వెంట తీసుకువెళ్ళాలి, అక్కడివారు మోసి తెచ్చుకున్న నీటిపై ఆధారపడరాదు.

విద్యార్థులను తీసుకువెళ్ళే ఉపాధ్యాయులు ఉప్పు కుప్ప వద్ద కాక, నీరు లోపలికి వచ్చే కాలువ వద్ద పరిశీలన మొదలుపెట్టి, నీటితో పాటే మడి నుండి మడికి నడిపిస్తే మేలు. ఒక్కొక్క మడిలోని నీటి రంగును, సాంద్రతను పిల్లలచేత వ్రాయించవచ్చు. ఆవిరి కావడం, సంతృప్త ద్రావణం, స్ఫటికీకరణం అనే పాఠాలు అక్కడ కళ్ళముందే జరుగుతాయి. చివరకు కుప్ప వద్దకు చేరేసరికి, అందులోని గుప్పెడు ఉప్పు వెనుక ఎంత నీరు, ఎంత నేల, ఎన్ని రోజుల ఎండ, ఎందరి చాకిరీ ఉన్నాయో వారే లెక్క వేసి చెప్పగలుగుతారు.